గ్రోవ్‌నెస్ దీవి కాదు, సముద్రంలోనూ లేదు

సంపాదకుల గారికి నమస్కారం.

అంటార్కిటికాలోని మన భారతి పరిశోధన కేంద్రం గురించి రాసేటప్పుడు తెలుగు పత్రికల్లో తరచూ రెండు తప్పులు దొర్లుతున్నాయి. ఒకటి పేరులో: కేంద్రం ఉన్న చోటును 'గ్రోవ్‌నెస్ దీవి' అనో 'గ్రోవ్‌నెస్ అగ్రం' అనో రాయడం. రెండోది పటంలో: కేంద్రాన్ని చూపే చుక్కను సముద్రంలో పెట్టడం.

2012లో మొదలైన భారతి ఉన్నది లార్స్‌మన్ కొండల్లోని గ్రోవ్‌నెస్ మీద. అది దీవి కాదు, ప్రిడ్జ్ అఖాతంలోకి చొచ్చుకొచ్చిన రాతి నేల. 1936–37లో నార్వే తిమింగలాల వేట వ్యాపారి లార్స్ క్రిస్టెన్సన్ యాత్ర తీసిన విమాన ఫొటోలు చూసి నార్వే వాళ్లు ఈ తీరం పటం గీశారు. పేర్లూ వాళ్లవే. వాళ్ల భాషలో 'నెస్' అంటేనే అగ్రం, అంటే ఇలా నీళ్లలోకి చొచ్చుకొచ్చిన నేల, 'గ్రోవ్' అంటే మోటు. పడమటనున్న స్టోర్‌నెస్‌లో 'స్టోర్' అంటే పెద్ద. కాబట్టి 'గ్రోవ్‌నెస్ అగ్రం' అంటే అగ్రం రెండుసార్లు అన్నట్టే. అలాగని 'మోటు అగ్రం' అని తెనిగించినా ఏ పటంలోనూ దొరకదు. మొదట 'గ్రోవ్‌నెస్ అనే అగ్రం' అని ఒకసారి చెప్పి, తర్వాత ఒట్టి గ్రోవ్‌నెస్ అంటే చాలు. అంటార్కిటికాలో అందరి తరఫునా పేర్లు ఖాయం చేసే సంస్థ ఏదీ లేదు. ఏ దేశం పేర్లు ఆ దేశం పెట్టుకుంటుంది, ఒకే చోటికి రెండు మూడు పేర్లూ ఉంటాయి. అనుమానం వస్తే ఆ పేర్లన్నిటినీ ఒకచోట చేర్చిన 'స్కార్' (అంటార్కిటికా పరిశోధనల అంతర్జాతీయ శాస్త్ర కమిటీ) పట్టిక చూడాలి.

ఇక పటం. భారతి ఉన్నది 69°24′ దక్షిణ అక్షాంశం, 76°11′ తూర్పు రేఖాంశం దగ్గర. దీన్ని దశాంశాల్లో 69.24, 76.11 అని రాసేస్తున్నారు. డిగ్రీకి 60 నిమిషాలు, వంద కాదు. 24ను 60తో భాగిస్తే 0.40, 11ను భాగిస్తే 0.18. అంటే రాయాల్సింది 69.40 దక్షిణం, 76.18 తూర్పు. తప్పు అంకె వేస్తే చుక్క సుమారు 18 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి అఖాతం నీళ్లలో పడుతుంది. తూర్పు పడమరల్లో తేడా 3 కిలోమీటర్ల లోపే, ఎందుకంటే విజయవాడ దగ్గర 107 కిలోమీటర్లుండే రేఖాంశ డిగ్రీ అక్కడ 39కి కుదించుకుపోతుంది. దక్షిణాన్ని సూచించేందుకు అక్షాంశం ముందు పెట్టే మైనస్ గుర్తు మరిస్తే మాత్రం చుక్క ఏకంగా సైబీరియాకు పోతుంది. దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్న గోండ్వానా రోజుల్లో మన తూర్పు కనుమలు ఆనుకుని ఉన్నది తూర్పు అంటార్కిటికానే. ఆ చోటు మన పిల్లలకు నీళ్లలో కనబడటం బాధగా ఉంది.

ఇంకొక్క విన్నపం. భారతి వార్తకు అంటార్కిటికాలోనే ఉన్న మన మరో కేంద్రం మైత్రి ఫొటో వేయకండి. రెండింటికీ మధ్య దాదాపు 3,000 కిలోమీటర్లు.

– ఒక భూగోళశాస్త్ర అధ్యాపకుడు