సోమవారం నుంచి మీ బిల్లింగ్ తెర మీద ఎర్ర హెచ్చరికలు పెరుగుతాయి

నెల్లూరు, కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల మేత అమ్మే మా డీలర్లందరికీ నమస్కారం.

ఈ ఆదివారం రాత్రి మీ బిల్లింగ్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌కి మారుతుంది. సోమవారం షాపు తీశాక ఎర్ర పెట్టెలో హెచ్చరికలు ఎక్కువగా వస్తే ప్రోగ్రామ్ చెడిపోయిందని టెన్షన్ పడొద్దు. ఆ తప్పులు ముందు నుంచీ జరుగుతున్నవే. ఇన్నాళ్లూ ప్రోగ్రామ్ వాటిని లోపలే మింగేసేది, ఇక మీద మీకు చెబుతుంది.

విషయం పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మే సమయం) లెక్కల దగ్గర బయటపడింది. ఒక డీలరు రైతుతో సీజను లెక్క చూసుకుంటుంటే, రైతు దగ్గరున్న బిల్లుల్లో కొన్ని అప్పు ఖాతాలో కనిపించలేదు. బిల్లు నంబరు ఉంది, ప్రింటు ఉంది, గోడౌన్ స్టాకులో బస్తాలు తగ్గాయి, ఖాతాలో పద్దు మాత్రం పడలేదు. ఆ రైతు బిల్లులు భద్రంగా ఉంచుకుని, నిజాయితీగా తెచ్చి చూపించాడు కాబట్టి తెలిసింది. మేత వ్యాపారం చాలావరకు పట్టుబడి దాకా అరువు మీదే నడుస్తుంది. ఒక్క బిల్లు ఖాతాలో పడకపోయినా పోయేది డీలరు సొంత డబ్బు.

ఈ ప్రోగ్రామ్ మొదట వేరేవాళ్లు రాసింది, తర్వాత మా చేతికి వచ్చింది. జావా భాషలో, స్ప్రింగ్ అనే సాఫ్ట్‌వేర్ చట్రం మీద నడుస్తుంది. మీరు సేవ్ నొక్కగానే బిల్లు డేటాబేస్‌లో చేరుతుంది, ఆ వెంటనే ‘బిల్లు అయింది’ అని లోపల ఒక కబురు వెళ్తుంది. ఆ కబురు కోసం లిజనర్లనే భాగాలు కాచుకుని ఉంటాయి. ఒకటి స్టాకు తగ్గిస్తుంది, ఒకటి అప్పు ఖాతాలో పద్దు వేస్తుంది, ఇంకొకటి రైతుకి ఎస్సెమ్మెస్ పంపుతుంది. రైతు చెరువు మారినప్పుడు మీరు పాత ఖాతా మూసి కొత్తది తెరుస్తారు కదా, బిల్లు పాత నంబరుతో వెళ్తే ఖాతా లిజనర్‌కి ఆ ఖాతా దొరకదు. అప్పుడు జావా ఎక్సెప్షన్ విసురుతుంది, అంటే తప్పు జరిగిందని కేక వేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి రాసిన కోడ్ ముక్క, క్యాచ్ బ్లాక్‌లో ఏమీ లేదు, ఖాళీ. ప్రోగ్రామ్ తనలో జరిగింది రాసుకునే లాగ్ ఫైల్లో ఒక్క ముక్క కూడా పడలేదు.

ఆ ఖాళీ క్యాచ్ తీసేస్తే సరిపోదా అని మీలో ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు అడిగారు. సరిపోదు. స్ప్రింగ్‌లో మామూలు లిజనర్ ఐతే ఎక్సెప్షన్ కబురు పంపిన చోటికే తిరిగి వస్తుంది, బిల్లు ఆగుతుంది. కానీ ఇక్కడ వాడింది ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్. 2015లో స్ప్రింగ్ 4.2తో వచ్చిన ఈ లిజనర్, వేరుగా చెప్పకపోతే, బిల్లు కమిట్ అయ్యాకే, అంటే డేటాబేస్‌లో ఖాయమయ్యాకే నడుస్తుంది. అప్పుడు తప్పు జరిగితే స్ప్రింగ్ లాగ్‌లో రాసి ముందుకు పోతుంది, సేవ్ నొక్కిన మనిషికి చెప్పదు. ఇంకో చిక్కు ఉంది. కమిట్ అయ్యాక కొత్త ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి పడాలి, లేదా ఏదీ పడకూడదు అనే కట్ట) తెరవకుండా పద్దు రాస్తే, ఎక్సెప్షన్ లేకుండానే ఆ పద్దు డేటాబేస్‌కి చేరకపోవచ్చు. మాకు అన్నింటికంటే భయం వేసింది ఇక్కడే, ఎందుకంటే వెతకడానికి ఆనవాలు కూడా మిగలదు.

హేచరీల (రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే కేంద్రాలు) వాళ్లకిచ్చిన పాత తెరలు జేఎస్ఎఫ్ 1.2 మీద ఉన్నాయి. జేఎస్ఎఫ్ అంటే జావాలో వెబ్ తెరలు తయారుచేసే ప్రమాణం. అందులో తెర పని ఒక్కో దశలో కాచుకుని ఉండే ఫేజ్ లిజనర్‌లో వచ్చిన ఎక్సెప్షన్‌ని లాగ్ చేసి వదిలేయమని ఆ ప్రమాణమే చెబుతుంది. 2009లో జేఎస్ఎఫ్ 2.0 వచ్చాకే ఇలాంటివన్నీ ఒకచోట పట్టుకునే ఎక్సెప్షన్ హ్యాండ్లర్ దొరికింది. ఆ తెరల్ని పైపైన సర్దితే లాభం లేదు, కొత్తగా రాస్తున్నాం. వాటికి ఇంకా టైం పడుతుంది.

మేత డీలర్లకు మాత్రం పని పూర్తయింది. స్టాకు, అప్పు పద్దు ఇప్పుడు బిల్లుతో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంటాయి. పద్దు పడకపోతే బిల్లూ పడదు, ప్రింటూ రాదు. బయట ఆటోలో బస్తాలు ఎక్కుతుంటే ఇది చికాకే, ఒప్పుకుంటాం. అయినా లెక్కలో లేని బిల్లు చేతికివ్వడం కంటే అక్కడే ఆగడం మేలని మా నిర్ణయం. ఎస్సెమ్మెస్‌కి ఈ కట్టుబాటు పెట్టలేదు. సిగ్నల్ లేదని వ్యాపారం ఆగకూడదు. వెళ్లని మెసేజ్ పెండింగ్ పట్టికలో చేరుతుంది, ప్రోగ్రామ్ మళ్లీ పంపి చూస్తుంది, అప్పటికీ వెళ్లకపోతే మీకు చూపిస్తుంది.

ఎర్ర పెట్టె వస్తే సేవ్ మళ్లీ మళ్లీ నొక్కకండి. ఏ రైతు ఖాతా దొరకలేదో అందులో తెలుగులోనే ఉంటుంది. ఖాతా సరిచేసి ఒకసారి సేవ్ చేయండి. అప్పటికీ కుదరకపోతే పెట్టె కింద ఉన్న నంబరు ఫొటో తీసి మాకు వాట్సాప్ చేయండి. ఆ నంబరుతో లాగ్‌లో సరిగ్గా ఆ తప్పు దగ్గరికే వెళ్లగలం.

పాత బిల్లుల సంగతి. ఖాతాలో పద్దు లేని బిల్లులన్నీ వెతికి ప్రతి డీలరుకి విడిగా జాబితా ఇస్తాం, దీనికి డబ్బులు తీసుకోం. ఆ పద్దులు మాత్రం మాకు మేముగా వేయం. కొన్నింటికి రైతు అప్పుడే నగదు ఇచ్చి ఉండొచ్చు, ఆ సంగతి మీకే తెలుస్తుంది. రైతుతో కూర్చుని, అతని దగ్గరున్న బిల్లుతో సరిచూసి, వేయాల్సినవాటికి టిక్కు పెట్టి పంపండి. ఈ సీజను పట్టుబడి దగ్గర పడినవాళ్ల జాబితాలు ముందు ఇస్తాం, మీ పట్టుబడి తేదీ ఈ వారంలోనే చెప్పండి.