కొండ కింద చెత్త తగలబెట్టడం ఆపించండి

సంపాదకుడికి,

అయ్యా,

శేషాచలం అడవిలో మంట లేచిన ప్రతిసారీ "ఎండలకు అంటుకుంది" అనేసి ఊరుకుంటున్నాం. తిరుపతి ఎండలు మామూలువి కావు, నిజమే. రోహిణి రాకముందే 40 దాటేస్తుంది. కానీ 43 డిగ్రీలకైనా గడ్డి దానంతటది అంటుకోదు. ఎండ దాన్ని ఎండబెట్టి సిద్ధంగా ఉంచుతుంది, అంతే. నిప్పు పెట్టేది దాదాపు ఎప్పుడూ మనుషులే.

జీవకోన, కపిలతీర్థం వైపు ఉండేవాళ్లకు ఇది రోజూ కనబడేదే. ఖాళీ ప్లాట్లలో రాలిన వేపాకు, ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాల తొక్కలు ఒకచోటికి ఊడ్చి సాయంత్రం అగ్గిపుల్ల గీస్తారు. అంటించినాయన ఆరిందో లేదో చూడకుండానే ఇంట్లోకి వెళ్లిపోతాడు. పైకి బూడిదలాగే ఉంటుంది, లోపల పీచు రాత్రి దాకా రగులుతూనే ఉంటుంది. ఈలోగా గాలి లేస్తే? అవతల కొండవాలులో బోదగడ్డి నడుమెత్తున ఎండి ఉంటుంది, దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అలిపిరిలో భక్తుల దగ్గర బీడీలు, సిగరెట్లు తీసేసుకుంటున్నారు, మంచిదే. అదే కొండ అడుగున ఇంతింత మంటలు పెడుతుంటే అడిగే నాథుడు లేడు!

2014 మార్చిలో తిరుమల అడవి తగలబడితే హెలికాప్టర్లతో నీళ్లు పోయాల్సి వచ్చింది. నేలమంట పాకినప్పుడు పెద్ద ఎర్రచందనం చెట్లు బెరడు కాలినా కొన్ని తట్టుకుంటాయి, కింద మొలిచిన చిన్న మొక్కలు మాత్రం మాడిపోతాయి. దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ పెట్టుకున్నాం. మరి అగ్గిపుల్ల సంగతో?

నిబంధనలు లేక కాదు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు కట్టించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. మా వీధిలో ఎవరికైనా జరిమానా పడిందని ఇంతవరకు వినలేదు. అలాగని తప్పంతా జనం మీదికే తోసేయలేం. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వమనే బండివాళ్లు, బస్తాల కొద్దీ ఆకులు చూపిస్తే "ఇది మా పని కాదు" అని వెళ్లిపోతున్నారు. బస్తాలు ఎన్నాళ్లని ఇంటిముందు పెట్టుకుంటారు, చివరికి అగ్గిపెట్టే దిక్కవుతోంది.

మార్చి నుంచి జూన్ దాకా కొండ కింది కాలనీలకు ఆకు చెత్త కోసమే విడిగా ట్రాక్టర్ పంపించాలి. ప్లాట్ల యజమానులకు నోటీసులిచ్చి పిచ్చిగడ్డి కోయించాలి. చాలామంది బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు కాబట్టి నోటీసుతో ఆగకుండా కోయించి ఖర్చు వాళ్ల పన్నులో కలపాలి. మంట పాకకుండా గడ్డి, ఆకులు తీసేసి అడవిలో వదిలే ఖాళీ పట్టీలు (ఫైర్ లైన్లు) కాలనీల వెనకవైపు కూడా శివరాత్రి లోపే పూర్తి కావాలి. ఇంకో చిన్న పని, కపిలతీర్థం రోడ్డు పొడుగునా 101 నంబరు పెద్ద అక్షరాలతో రాయిస్తే, మంట కనబడగానే వీడియో తీయడానికి ఎగబడేవాళ్లలో ఒక్కరైనా ముందు ఫోన్ చేస్తారు.

– ఒక పాఠకుడు,
జీవకోన, తిరుపతి