గాలి నెట్ మంచిదే, కానీ సాయంత్రం ఎనిమిదికి చూపించి అమ్మండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్‌లో ఈ మధ్య వైర్ లేని ఇంటర్నెట్ ప్రకటనలు తరచుగా వస్తున్నాయి. దానికి తోడు హనుమకొండలో చౌరస్తా చౌరస్తాకూ గొడుగు వేసుకుని ఇద్దరు పిల్లలు నిలబడి పాంఫ్లెట్లు పంచుతున్నారు. మా కాలనీలో కంప్యూటర్లు రిపేర్ చేసేది నేనొక్కణ్ణే కాబట్టి ఆ పాంఫ్లెట్ చేతికి అందిన ప్రతివాళ్ళూ నా దగ్గరికే వచ్చి "అన్నా, కేబుల్ వైర్ తీయించేసి ఇది పెట్టించుకోవచ్చా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పి నోరు నొప్పి పుడుతోంది, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కత్తిరించాల్సి వస్తే కత్తిరించండి, కానీ సాయంత్రం స్పీడ్ గురించి రాసిన ముక్క మాత్రం తీయకండి.

నా మాట ముందే చెప్తాను. గాలిలో వచ్చే నెట్ చెడ్డదేమీ కాదు, వైర్ రాని చోట అది దేవుడిచ్చిన వరం. వైర్ వచ్చే చోట మాత్రం వైరే మేలు. ఇక ఈ రెంటి మధ్య తేడా చెప్పకుండా "ఫైబర్ లాంటిదే సార్" అని, అంటే సన్నటి గాజు తీగలో వచ్చే నెట్ లాంటిదే అని అమ్ముతున్నారే, నా కోపమంతా దాని మీదే.

అడిగేవాళ్ళు చాలామంది మూడు రకాలను కలిపేసి మాట్లాడుతున్నారు. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్ నడపడం ఒకటి. సిమ్ వేసుకునే చిన్న రూటర్ కొని ఇంట్లో కిటికీ దగ్గర పెట్టుకోవడం ఇంకొకటి. ఇప్పుడు ప్రకటనల్లో వస్తున్నది ఈ రెండూ కాదు. డాబా మీద టవర్ వైపు తిప్పి ఒక డబ్బా బిగిస్తారు, అక్కడి నుంచి ఒక వైర్ లోపలికి తెచ్చి వైఫై రూటర్‌కు కలుపుతారు. 5జీ మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైతే, మరుసటి ఏడాది ఆగస్టులో ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబైలలో ఇంటికి 5జీ గాలి నెట్ సర్వీసు తెచ్చింది, సెప్టెంబరులో వినాయక చవితికి జియో హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో తెచ్చింది. తర్వాత మన దాకా వచ్చింది.

హాట్‌స్పాట్‌తో ఇల్లు నడపడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రోజుకు 2 జీబీ ప్లాన్‌లో మామూలు హెచ్‌డీ సినిమా ఒకటి చూసేసరికే అయిపోతుంది, ఎందుకంటే హెచ్‌డీ వీడియో గంటకు దాదాపు 3 జీబీ దాకా తాగేస్తుంది, ఆ తర్వాత స్పీడ్ 64 కేబీపీఎస్‌కు పడిపోతే వాట్సాప్ ఫొటో కూడా తిరుగుతూనే ఉంటుంది. 5జీ అన్‌లిమిటెడ్ ఉందిగా అంటారు, అది 2024 జూలైలో రేట్లు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రోజుకు 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశాయి. పైగా ఇంటాయన ఫోన్ జేబులో పెట్టుకుని షాపుకు పోతే ఇంట్లో నెట్ కూడా ఆయనతో పాటే షాపుకు పోతుంది. ఒక్కడే ఉండే స్టూడెంట్ రూముకు సరిపోతుంది, నలుగురున్న ఇంటికి కాదు.

అసలు సంగతి డాబా డబ్బా. దీనికి మొదటి రోజు స్పీడ్ చూసి మురిసిపోయేవాళ్ళే అందరూ. బిగించడానికి వచ్చిన పిల్లగాడు పొద్దున పదకొండింటికి ఫోన్ తీసి స్పీడ్ టెస్ట్ పెడతాడు, ముల్లు గిర్రున తిరిగి వందలు దాటుతుంది, "చూడండి సార్" అంటాడు, మనం ఏడాదికి ఒకేసారి డబ్బులు కట్టేస్తాం. పదకొండింటికి కాలనీలో ఎవరుంటారు? పిల్లలు బడిలో, పెద్దలు డ్యూటీలో. టవర్ దగ్గర ఉన్న సామర్థ్యం ఆ వైపున్న ఇళ్ళన్నిటికీ, రోడ్డు మీద పోయే ఫోన్లన్నిటికీ కలిపి ఒక్కటే. పొద్దున్నే ఊరంతా ఒకేసారి నల్లా తిప్పితే చివరి ఇంటికి సన్నగా వస్తుందే, అదే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే టైం సాయంత్రం. ఏడున్నర నుంచి పది దాకా అందరూ ఇళ్ళలో ఉంటారు, ఒకరు సీరియల్, ఒకరు క్రికెట్, ఒకరు రీల్స్. ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజైతే చెప్పక్కర్లేదు. ఫైబర్‌లోనూ పంచుకోవడం ఉంటుంది, కాదనను, కానీ ఒక ఫైబర్ లైను మోసే బరువు, ఒక టవర్ మోసే బరువు ఒకటి కావు. ఇంకో మాట, డబ్బాలు అమ్మేకొద్దీ అదే టవర్ మీద భారం పెరుగుతుంది. అంటే ఈ నెల బాగా నడిచింది ఆర్నెల్ల తర్వాత కూడా అట్లనే నడుస్తుందని ఎవరూ చెప్పలేరు, అమ్మినవాడు అసలే చెప్పలేడు.

ఇంకా ఎవరూ చెప్పని ముక్క అప్‌లోడ్, అంటే మన దగ్గర్నుంచి అవతలికి పంపే స్పీడ్. 5జీలో ఎక్కువ స్పీడ్ ఇచ్చే 3500 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (బ్యాండ్ అంటే రేడియో తరంగాల దారి) ఒకే దారిని టైం పంచుకుని రాకకూ పోకకూ వాడతారు, అందులో ఎక్కువ టైం మనకు వచ్చే డేటాకే కేటాయిస్తారు. సినిమా చూడటానికి ఇది బాగుంటుంది. మడికొండ ఐటీ పార్కులో పని చేస్తూ వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే మీటింగుల్లో కూర్చునేవాళ్ళు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్ళు, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి పంపే స్టూడియోవాళ్ళు, వీళ్ళకు మాత్రం పంపే స్పీడే ముఖ్యం. మా వీధిలో ఒక అమ్మాయికి డౌన్‌లోడ్ బ్రహ్మాండంగా వస్తుంది, మీటింగులో మాత్రం ఆమె మాట అవతలివాళ్ళకు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. కంపెనీకి ఫోన్ చేస్తే "మీకు స్పీడ్ వస్తుంది కదా మేడం" అంటారట. ఏ స్పీడ్?

3500 బ్యాండ్‌కు ఇంకో గుణం ఉంది, గోడలన్నా స్లాబన్నా దానికి పడదు. అందుకే డబ్బా బయట డాబా మీద పెట్టేది. 700 మెగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడల్లోంచి కూడా వస్తుంది, కానీ ఆ దారి సన్నం. డబ్బాకూ టవర్‌కూ మధ్య పెద్ద వేపచెట్టు ఉన్నా ఎంతో కొంత తగ్గుతుంది. చెట్టంటే కనిపిస్తుంది, రాబోయే అపార్ట్‌మెంట్ కనిపించదు కదా. హంటర్ రోడ్డు, నయీంనగర్, హసన్‌పర్తి వైపు ఖాళీ జాగా కనిపిస్తే ఐదంతస్తులు లేస్తున్న రోజులివి. ఇవాళ డాబా మీద నిలబడితే టవర్ కనిపించిందని సంతోషపడితే, రేపు ఎదురుగా సెంట్రింగ్ మొదలవుతుంది. అప్పుడు డబ్బా జరపాలి, లేకపోతే ఇంకో టవర్ వైపు తిప్పాలి, దానికి టెక్నీషియన్ రావాలి, ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియాలి.

కోతుల సంగతి కూడా రాయాలి, నవ్వకండి. మన జిల్లాల్లో కోతుల బాధ తెలియనివాళ్ళు ఎవరు? కేబుల్ వైర్ పట్టుకుని ఊగి తెంపేది అవే, డాబా మీద డబ్బాను గుంజేదీ అవే. వైర్ తెగితే కేబుల్ ఆయన నిచ్చెన వేసుకొచ్చి ఆ సాయంత్రానికి అతికిస్తాడు, లోకల్ మనిషి, ఇంటి ముందు నిలబడి లొల్లి పెట్టొచ్చు. డబ్బా పక్కకు తిరిగితే యాప్‌లో కంప్లయింట్ పెట్టి కూర్చోవాలి. కాబట్టి పెట్టించుకునేవాళ్ళు గట్టి ఇనుప పైపుకు బిగించమని అడగండి, ప్లాస్టిక్ ట్యాగులతో కట్టిపోతే ఒప్పుకోకండి.

వాన వస్తే గాలి నెట్ పోతుందని చాలామంది అంటారు. ఈ ఫ్రీక్వెన్సీల్లో వాన వల్ల పోయేది చాలా తక్కువ, వాన దెబ్బ గట్టిగా తగిలేది 26 గిగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్లకు. మన దగ్గర వానకు పోయేది ముందు కరెంటు. టవర్ దగ్గర బ్యాటరీలు, డీజిల్ ఉన్నంతసేపు నడుస్తుంది, తర్వాత ఆగుతుంది. టవర్ నడుస్తున్నా మన ఇంట్లో కరెంటు పోతే డబ్బా, రూటర్ రెండూ ఆగిపోతాయి కాబట్టి ఇన్వర్టర్ లైనుకు కలిపించుకోవాలి. అయితే 2023 జూలై వరదల్లో కాలనీలు మునిగినప్పుడు మా వైపు కేబుల్ నెట్ కొన్ని రోజులు రాలేదు, చుట్టాలకు క్షేమం చెప్పుకున్నది ఫోన్ హాట్‌స్పాట్‌తోనే. స్తంభాల మీద తీగల కథ కూడా అంత గొప్పగా ఏం లేదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు పోయాక, స్తంభాల మీది కేబుళ్ళను కరెంటోళ్ళు ఎడాపెడా కత్తిరిస్తే అక్కడ ఎన్ని ఇళ్ళకు నెట్ ఆగిందో పేపర్లలోనే చదివాం. అందుకే నేను ఇంటికి వైర్ పెట్టుకుని, ఫోన్‌లో కాస్త పెద్ద ప్లాన్ వేసుకుని స్టాండ్‌బైగా ఉంచుకుంటాను. అడిగినవాళ్ళకు చెప్పేదీ అదే.

డబ్బుల విషయం రెండు ముక్కల్లో. ప్రకటనలో 599 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, కింద చీమ తలకాయంత అక్షరాలతో జీఎస్టీ అదనం అని ఉంటుంది. 18 శాతం కలిపితే 707 అవుతుంది. పెద్ద కంపెనీల గాలి నెట్ ప్లాన్లకు సాధారణంగా నెలకు వెయ్యి జీబీ హద్దు, ఫైబర్‌కైతే 3,300. వెయ్యి అంటే హెచ్‌డీ వీడియో మూడు వందల గంటల పైమాటే కాబట్టి మామూలు ఇంటికి దాని టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పటిదాకా టౌన్ మాటలు. మా మేనమామ వాళ్ళ ఊరు ములుగు దాటాక లోపలికి. అక్కడికి ఏ కేబుల్ ఆయనా వైర్ గుంజడు, పది ఇళ్ళ కోసం అడవిలో అన్ని కిలోమీటర్లు ఎవరు గుంజుతారు? ఆ ఊర్లో సిమ్ రూటర్ ఒకటి పెంకుటింటి చూరు కింద పెట్టుకుని పిల్లలు ఎప్‌సెట్ పాఠాలు చూస్తున్నారు, దాని ముందు ఫైబర్ గొప్పలు చెప్తే తంతారు. అక్కడ గాలి నెట్టే సరైనది, దాన్ని ఇంకా బాగు చేయాలి, టవర్లు పెంచాలి.

కానీ ఇక్కడే నాకొక అనుమానం. మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్వినప్పుడు వాటితో పాటే మన రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ కోసం కూడా గొట్టాలు వేశారు. 2024 డిసెంబరులో నాలుగు గ్రామాల్లో ప్రయోగంగా సర్వీసు మొదలుపెట్టారు, అందులో మన పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. ఇంకోవైపు కేంద్రం భారత్‌నెట్ పేరుతో పంచాయతీల దాకా ఫైబర్ తెచ్చే పని ఎన్నో ఏళ్ళుగా చేస్తోంది. అంటే భూమిలో ప్రజల డబ్బుతో వేసింది చాలా ఉంది. గాలి నెట్ వచ్చింది కదా, ఇక ఇంటింటికీ వైర్ ఎందుకు అని ఆఫీసర్లు చేతులు దులుపుకుంటారేమో అని నా భయం. ఊరి టవర్‌కు ఫైబర్ రావాలంటే కూడా ఆ భూమిలో వైరే కావాలి. వెనక ఫైబర్ లేకుండా పక్క టవర్ నుంచి రేడియో లింకుతో నడిచే టవర్లకు 5జీ బోర్డు తగిలించినంత మాత్రాన స్పీడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

2024లో టెలికాం కంపెనీలను అదుపు చేసే కేంద్ర సంస్థ ట్రాయ్ కొత్త నాణ్యత నిబంధనలు తెచ్చింది, ఆ అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి, కంపెనీలు ఎక్కడ ఏ సర్వీసు ఉందో మ్యాపు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. కొనేముందు ఆ మ్యాపు చూడండి. కానీ ఆ మ్యాపు సిగ్నల్ ఉందని చెప్తుంది, రాత్రి ఎనిమిదికి ఎంత స్పీడ్ వస్తుందో చెప్పదు. దానికి ఒకటే దారి, అదే కంపెనీ 5జీ సిమ్ ఉన్న ఫోన్ ఒకటి అడిగి తెచ్చుకుని డాబా ఎక్కి రాత్రి ఎనిమిదికి, ఒక మ్యాచ్ ఉన్న రోజు, ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో చూసుకోవడం. డబ్బా యాంటెన్నా ఫోన్ కంటే మెరుగే కాబట్టి ఫోన్‌లో బాగా వస్తే దాంట్లోనూ వస్తుంది. ఫోన్‌లోనే ఈడుస్తుంటే ఏడాది డబ్బులు కట్టకండి, నెల ప్లాన్‌తో మొదలుపెట్టండి, ఇన్‌స్టలేషన్ చార్జీ పడితే పడనీయండి. రూటర్, డబ్బా మన సొంతమా, వాపస్ ఇవ్వాలా అనేది కాగితం మీద రాయించుకోండి.

కంపెనీలను నేను అడిగేది పెద్దదేం కాదు. బిల్లు మీద "గరిష్ఠంగా ఇంత" అని రాసే చోటే "సాయంత్రం వేళ కనీసం ఇంత" అని కూడా రాయండి, అది రాకపోతే ఆ నెల డబ్బులు తగ్గించండి. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో కేంద్రం నిర్వచనం మార్చింది. నలుగురున్న ఇంటికి అదేం సరిపోతుంది? ఇక వాడేవాళ్ళు కూడా ఊరుకోకూడదు. టెలికాం గొడవలకు వినియోగదారుల కోర్టు పనికిరాదని కాల్‌సెంటర్లలో ఇంకా చెప్తున్నారట, 2022 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు పనికొస్తుందని తేల్చేసింది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోండి, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు టైంతో సహా దాచుకోండి.

మీ విలేకరులతో ఒక పని చేయించండి సార్. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, భూపాలపల్లిలో తలా కొన్ని ఇళ్ళలో రాత్రి ఎనిమిదికి, పొద్దున పదకొండింటికి స్పీడ్ కొలిపించి జిల్లా పేజీలో వేయండి, కంపెనీ పేర్లతో సహా. ప్రకటనలు ఇచ్చేది వాళ్ళే కదా అంటారా, ఇచ్చినా సరే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హసన్‌పర్తి, హనుమకొండ జిల్లా