ఆ ఫొటోలో ఉన్నది కారు చెయ్యి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఒక పాత కారు సామాను ఫొటో వేసి, ఇదేమిటో చెప్పమని పాఠకులను అడిగారు. జానెడు పొడవు, వేలెడు వెడల్పున్న ఇనుప పట్టీ, దాని అంచున నారింజ రంగు అద్దం, ఒక చివర కీలు, కీలు పక్కనుంచి వేలాడుతున్న సన్నటి వైరు. తర్వాత వచ్చిన జవాబులు కూడా వేశారు. పక్క అద్దం తుడిచే వైపర్ అని ఒకరు, మంత్రుల కార్లకు జెండా తగిలించే కడ్డీ అని ఒకరు, రాత్రిపూట తలుపు తీస్తే వెలిగే లైటు అని మరొకరు రాశారు. అసలు జవాబు మాత్రం రాలేదు. ఆ సామానును నా చేతులతో విప్పి బిగించినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

దాని పేరు ట్రాఫికేటర్. కార్లకు ఇండికేటర్ లైట్లు రాకముందు, బండి ఏ పక్కకు తిరగబోతోందో రోడ్డు మీది వాళ్లకు చూపించడానికి పెట్టేవారు. మా షెడ్డులో అందరూ 'చెయ్యి' అనేవాళ్లు. నేను మిర్యాలగూడలో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. పని నేర్చుకున్నది నల్లగొండలో, మా ఉస్తాద్ దగ్గర. అక్కడ ఒక డాక్టరు గారికి మోరిస్ మైనర్ ఉండేది. ఈ బండినే మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బేబీ హిందుస్థాన్ పేరుతో తయారుచేశారు. డాక్టరు గారి కారుకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి ఈ చేతులుండేవి.

మీ పాఠకుల ఊహలు ఊరికే తీసిపారేసేవి కావు. అయితే సామానును జాగ్రత్తగా చూస్తే జవాబు అందులోనే దొరుకుతుంది. జెండా కడ్డీకి కరెంటు వైరుతో పనేముంది? వైపర్ అయితే రబ్బరు ఉండాలి, అటూ ఇటూ ఊగాలి. ఈ కీలు ఒక్క దిక్కుకే తిరుగుతుంది, అదీ చెయ్యి నేలకు అడ్డంగా నిలిచేదాకానే. తలుపు లైటు అన్నవారు మాత్రం చాలా దగ్గరికి వచ్చారు. అద్దం వెనక చిన్న బల్బు ఉన్న మాట నిజమే. కానీ తలుపు దగ్గర వెలుతురు కోసమైతే తెల్ల అద్దం సరిపోయేది. నారింజ రంగు పెట్టారంటే ఆ వెలుగు కారులో కూర్చున్నవాళ్ల కోసం కాదు.

మోరిస్ మైనర్‌లో ముందు తలుపు వెనక ఉండే పిల్లర్‌లో సన్నటి గాడి ఉంటుంది. చెయ్యి మామూలుగా ఆ గాడిలో ముడుచుకుని ఉంటుంది, బయటికి కనిపించేది దాని వీపు మాత్రమే. డ్రైవర్ స్విచ్ తిప్పగానే లోపలి కాయిల్‌కు కరెంటు అంది అయస్కాంతమవుతుంది. అది ఇనుప కడ్డీని లాగితే చెయ్యి 'టక్'మని బయటికి లేచి అడ్డంగా నిలబడుతుంది, లోపల 3 వాట్ల బల్బు వెలుగుతుంది. స్విచ్ ఆపితే తన బరువుకు తానే కిందికి పడుతుంది. గుంతల రోడ్డు మీద దానంతటదే బయటికి రాకుండా ఒక చిన్న కొక్కెం కూడా ఉంటుంది. ఇంత చిన్న జాగాలో ఇంత పని ఇమిడ్చినవాళ్ల మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

దీనికి వచ్చే రోగాలు రెండే. ఒకటి దుమ్ము. మన ఎర్రమట్టి గాడిలో దిగి గట్టిపడితే చెయ్యి సగం లేచి ఆగిపోతుంది. అప్పుడు డ్రైవర్లు పిల్లర్‌ను పిడికిలితో గుద్దేవారు. రెండోది వైరు తెగడం. లేచి పడిన ప్రతిసారీ కీలు దగ్గర వైరు వంగుతుంది, కొన్నాళ్లకు లోపలి రాగి పోగులు విరిగిపోతాయి. పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది, బల్బు మాత్రం వెలగదు. మా ఉస్తాద్ చెయ్యి పైకెత్తి పట్టుకుని, పాత టూత్ బ్రష్‌ను కిరోసిన్‌లో ముంచి గాడి కడిగేవాడు. ఆరిన తర్వాత కీలులో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. గ్రీజు పెట్టనిచ్చేవాడు కాదు, గ్రీజు దుమ్మును పట్టుకుంటుంది. తర్వాత బ్యాటరీ వైరు తాకించి చెయ్యి పూర్తిగా లేచిందో లేదో చూసేవాడు.

ఇది ఎందుకు అవసరమైందో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. అంతకుముందు డ్రైవర్ తన చెయ్యే కిటికీలోంచి బయటపెట్టి చూపించాలి. కుడికి తిరగాలంటే చాపి ఉంచాలి. ఎడమకు తిరగాలన్నా కుడిచెయ్యే బయటపెట్టి గుండ్రంగా తిప్పాలి. వానలో అద్దం దించాలి, రాత్రయితే ఆ చెయ్యి ఎవరికీ కనపడదు. అందుకే జర్మనీలో బాష్ కంపెనీ 1928లో ఇలాంటి చేతులను తెచ్చింది. తర్వాత చాలా యూరప్ కార్లకు ఇవి వచ్చాయి. యూరప్‌లో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు 1960 దాకా, మోరిస్ మైనర్‌కు 1961 దాకా ఇవే ఉన్నాయి. ఆ తర్వాత వెలిగి ఆరే లైట్లు వీటి చోటు తీసుకున్నాయి. ఎండలో 3 వాట్ల బల్బు కనపడదు, కదలకుండా వెలిగే దీపం కన్నా వెలిగి ఆరే దీపం కంటిని లాగుతుంది. మార్పు మంచికే జరిగింది.

ఆ సామాను మీకు పంపినవారికి ఒక మనవి. అది కారుకే ఉన్నదైతే పీకి అమ్మకండి. పాత కారు కొన్నవాళ్లు పెయింట్ వేయించేటప్పుడు ఆ గాడిని పుట్టీతో పూడ్పించేస్తున్నారు. డాక్టరు గారి కారుకూ అలాగే చేయమని వాళ్లింటివాళ్లు అడిగితే మా ఉస్తాద్ ఒప్పుకోలేదు. ముందూ వెనకా చిన్న ఫ్లాషర్ లైట్లు విడిగా వేసి, చేతులను వాటి పని వాటిని చేయనిచ్చాడు. పాత కారున్న ప్రతివారూ అలాగే చేయించుకోవచ్చు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మాది సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు. కోతల సీజన్ వచ్చిందంటే మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద లారీలు, బస్సులు వేగంగా పోతుంటాయి. ఆ మధ్యలో ట్రాక్టర్ ఉన్నట్టుండి కుడికి, మిల్లు గేటు వైపు తిరుగుతుంది. డ్రైవర్ చెయ్యి చూపిస్తూనే ఉంటాడు, ఆయన తప్పేమీ లేదు. కానీ వెనక ట్రాలీలో బస్తాలు ఆయన తలకన్నా ఎత్తుగా ఉంటే ఆ చెయ్యి వెనకవాడికి ఎలా కనిపిస్తుంది? ట్రాక్టర్ ఇండికేటరూ ఆ బస్తాల చాటునే ఉంటుంది. ట్రాలీ వెనక చాలాసార్లు రేడియం స్టిక్కర్ తప్ప ఇంకేమీ ఉండదు. ముందు ట్రాలీ ఉందన్న సంగతి స్టిక్కర్ చూసి తెలుస్తుంది, అది తిరగబోతోందని ఎలా తెలుస్తుంది? ఆ రోడ్డున బైకు మీద ఇంటికి పోయేవాణ్ని, రోజూ టెన్షన్‌తోనే పోతున్నాను.

1988 మోటారు వాహనాల చట్టం 121వ సెక్షన్ తిరిగే ముందు సిగ్నల్ ఇవ్వాలంటుంది. 1989 నిబంధనల్లో 102వది ఆ లైట్లు నారింజ రంగులో ఉండాలని, నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలని చెబుతుంది. ట్రాలీకి ఈ పని చేయించడం పెద్ద కష్టం కాదు. వెనక రెండు పక్కలా రెండు ఇండికేటర్లు, ట్రాక్టర్ దగ్గర ఏడు పిన్నుల సాకెట్, అంతే. ఎర్త్ కోసం మాత్రం ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే కొక్కెం పిన్నును నమ్ముకోవద్దు, తుప్పు పట్టి సగం సార్లు కరెంటు అందదు. ఎర్త్ వైరు విడిగా లాగించుకోవాలి. అదనంగా రెండు బల్బులు కలిస్తే, లైట్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ లెక్క తప్పుతుంది కాబట్టి ఆ లోడుకు తగ్గ ఫ్లాషర్ వేయించాలి. ట్రాలీ విప్పేటప్పుడు ప్లగ్ తీయడం మరిచిపోతే వైరు తెగుతుంది, అది రైతన్నలు గుర్తుపెట్టుకోవాలి.

మిల్లు యజమానులకు కూడా మీ పత్రిక ద్వారా ఒక మాట. ప్రతి ట్రాలీ మీ కాటా మీద ఎలాగూ ఆగుతుంది. అప్పుడు డ్రైవర్‌తో కుడి ఇండికేటర్ ఒకసారి, ఎడమది ఒకసారి వేయించి, మీ మనిషి వెనక నిలబడి చూస్తే చాలు, నిమిషం కూడా పట్టదు. వెలగని ట్రాలీ నంబరు రాసిపెట్టి, మళ్లీ లోడు తెచ్చేలోపు బాగు చేయించుకు రమ్మనండి. యాసంగి వడ్లు మిల్లులకు రావడం మొదలయ్యేలోపు ఈ పద్ధతి పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా