ఉగాది దాకా మేడ తేనె లేదు

తార్నాకలో మా హోటల్‌కు వచ్చే అందరికీ నమస్కారం.

మెనూలో తేనె-మిరియాల చికెన్, జొన్నరొట్టె-వెన్న-తేనె, తేనె నిమ్మరసం పక్కన ఇన్నాళ్లూ ‘మేడ తేనె’ అని ఉండేది, అంటే హోటల్ మేడ మీద మేమే పెంచే తేనెటీగలది. ఈ వారం నుంచి ఆ మాట తీసేశాం. ఉన్న తేనె అయిపోయింది. వానాకాలంలో కొత్తగా తీయం. మళ్లీ ఉగాది దాటాకే.

లెక్క చెబుతాను. మేడ మీద ఉన్నవి ఆరు పెట్టెలు. వాటిలో ఉండేవి మన దేశవాళీ తేనెటీగలు, చెట్టు తొర్రల్లో, పుట్టల్లో పట్టు పెట్టే రకం. పెట్టెకు ఏడాదికి నాలుగైదు కిలోలు వస్తే గొప్ప. వంటింటికేమో నెలకు పది కిలోల పైనే కావాలి. ఇటాలియన్ ఈగలు పెంచితే ఇంకా చాలా వస్తుంది కదా అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వస్తుంది, కానీ వాటికి కనుచూపు మేర పూల పంట కావాలి. పూత అయిపోగానే పెట్టెలు బండికెక్కించి ఇంకో చోటికి తీసుకెళ్లాలి. హోటల్ నడుపుకునేవాళ్ల వల్ల అయ్యే పని కాదది. మావి యూనివర్సిటీ క్యాంపస్ వేప, కానుగ చెట్లను నమ్ముకుని బతుకుతాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరికే రోజులే వాటికీ పండగ.

ఇక కొందరు సూటిగానే అడుగుతున్నారు, “మీరు తేనెటీగలకు పంచదార నీళ్లు పెడతారట కదా?” అని. పెడతాం. వానల్లో చుట్టుపక్కల పూత తక్కువ, ముసురు పట్టిందంటే ఈగలు బయటికే రావు. దాచుకున్నది అయిపోయి తిండి కరువైతే, ఈ దేశవాళీ రకం పట్టునంతా వదిలేసి రాణితో సహా లేచిపోతుంది. అందుకే పంచదార, నీళ్లు సమానంగా కలిపి, మూతకు సన్న చిల్లులు పెట్టిన డబ్బాలో పోసి, పెట్టెలో ఈగలు పట్టు కట్టుకునే చెక్క ఫ్రేముల మీద బోర్లిస్తాం. అదీ చీకటి పడ్డాకే. పగలు పెడితే ఆ వాసనకు పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి. తెల్లారి చూస్తే గుమ్మం ముందు కుప్పగా చచ్చిపడి ఉంటాయి.

ఆ పంచదార మీ గ్లాసులోకి రాదు. తేనె నింపుకునే పై అర విడిగా ఉంటుంది, ఈ కాలంలో దాన్ని తీసి కింద స్టోర్‌రూమ్‌లో పెట్టేస్తాం. పూత మొదలై, పంచదార ఆపేశాకే మళ్లీ ఎక్కిస్తాం. ఆ తర్వాత కూడా, గళ్లకు తెల్లగా మైనం మూత పడ్డ ఫ్రేములే కోస్తాం. మూత పడకముందే తొందరపడితే తేనె పల్చగా ఉండి పులిసిపోతుంది.

మరి ఇప్పుడు వాడేది? రాజస్థాన్‌లో ఆవ చేల దగ్గర పెట్టెలు పెట్టే ఒకాయన దగ్గర కొన్నది. లేత రంగు, ఇట్టే పేరుకుంటుంది. రొట్టె మీద గడ్డలా కనిపిస్తే కల్తీ అనుకోకండి, ఆవ తేనె గుణమే అంత. రొట్టె, నిమ్మరసం ధర చెరో ఇరవై రూపాయలు తగ్గించాం. చికెన్ ధర తగ్గించలేదు, కోడి రేటు మీకు తెలిసిందే. చికెన్‌లోకి మాత్రం ఉగాది తర్వాత కూడా కొన్న తేనే. కాలిన మూకుడులో మిరియాలు, వెల్లుల్లి మధ్య పడ్డాక అది వేప తేనో ఆవ తేనో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మా మాస్టరు ఈ మాట ఎప్పటి నుంచో గొణుగుతూనే ఉన్నాడు.

సీసాలు అమ్మడం లేదు, దయచేసి అడగొద్దు. ఏది ఎక్కడి తేనె అయినా, ఏడాది నిండని పసిపిల్లలకు నాకించకండి. పెద్దవాళ్లు చెప్పినా సరే.

ఎదురు అపార్ట్‌మెంట్ ట్యాంకు కింద వేలాడుతున్న పెద్ద తుట్టె మాది కాదు. అది పెద్ద తేనెటీగలది, ఆ రకం పెట్టెల్లో ఉండదు. ఆ ఫోన్లన్నీ మాకే వస్తున్నాయి కాబట్టి చెబుతున్నాను.

మేడ ఎక్కి చూస్తామంటే ఆదివారం పొద్దున్నే, టిఫిన్ల రద్దీ మొదలవక ముందు రండి. సెంటు కొట్టుకోకండి, నల్ల బట్టలు వద్దు. వాన పడుతుంటే పెట్టెల మూత తీయం, ఇడ్లీ తిని వెళ్లొచ్చు.