మారిషస్ తపాలా బిళ్లల వరుస తేల్చడంలో చెయ్యి అందించినవారికి

మారిషస్ తపాలా చరిత్రపై మేం సిద్ధం చేస్తున్న ప్రదర్శనలో బాగా చిక్కుపెట్టినవి 1848 నాటి, 'పోస్ట్ పెయిడ్' అనే మాటలున్న బిళ్లలు: వాటిలో ఏది ముందు అచ్చయిందో, ఏది తర్వాతో అచ్చురేకు అరుగుదలను బట్టి తేల్చాలి. ఆ చిక్కు విప్పిన మిత్రులందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

1847లో జోసెఫ్ ఆస్మండ్ బర్నార్డ్ చెక్కిన 'పోస్ట్ ఆఫీస్' బిళ్లలు ఒక్కో విలువకు 500 మాత్రమే అచ్చయ్యాయి. 'పోస్ట్ పెయిడ్' సంగతి అలా కాదు. ఒక్కో విలువకు ఒక రాగి అచ్చురేకు మీద పన్నెండు బిళ్లలనూ ఆయన విడివిడిగా చేత్తో చెక్కారు, కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. రెండు పెన్నీల రేకులో ఏడో బిళ్ల మీద 'పెన్స్'లోని ఇంగ్లిష్ 'సి' అక్షరం 'ఓ' అక్షరంలా ఉంటుంది. రేకులో బిళ్ల స్థానం గుర్తుపట్టడానికి అదే మంచి ఆనవాలు.

ఆ రేకులనే ఏళ్ల తరబడి వాడారు. రాగి మెత్తని లోహం. సిరా పూసి, పైన తుడిచి, కాగితం పెట్టి అదిమిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. లోతు తక్కువున్న నేపథ్య గీతలు ముందు పోతాయి, చివరికి విక్టోరియా రాణి తలా చట్రమూ కాస్త కాస్త మిగులుతాయి. సిరా ఎక్కువైతే అరిగిన ముద్ర కూడా కొత్తదిలా కనిపిస్తుంది, అందుకే ముదురు రంగును నమ్మకూడదు, గీతలనే చూడాలి. ఈ తేడా పట్టుకోవడానికి నల్ల కాగితంపై పెట్టి 1200 డీపీఐలో (అంటే సన్నని గీతలూ కనిపించేంత స్పష్టతతో) స్కాన్లు పంపిన సేకర్తల మేలు మరువలేం. చింపేందుకు చుట్టూ చిల్లుల్లేని ఈ బిళ్లలకు కత్తిరింపు అంచు ఎంత మిగిలిందో కూడా నల్లటి నేపథ్యం మీదే తెలుస్తుంది.

పాత ఫ్రెంచ్ దస్తూరీ చదివిపెట్టిన పెద్దలకు ప్రత్యేక నమస్కారాలు. బిళ్ల అంటించిన ఉత్తరం లోపలి తేదీ తెలిస్తేనే అరుగుదల దశను కాలంతో సరిచూడగలం. అక్కడే పెద్ద ఉచ్చు ఉంది: '7బ్ర్' అని రాస్తే ఏడో నెల జులై కాదు, సెప్టెంబర్ (ఫ్రెంచ్‌లో 'సెప్ట్' అంటే ఏడు). '8బ్ర్' అక్టోబర్. పొరబడితే వరుసంతా రెండు నెలలు పక్కకు జరుగుతుంది.

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలోని బ్లూ పెన్నీ మ్యూజియంలో అసలు 'పోస్ట్ ఆఫీస్' బిళ్లలపై గంటకు కొద్ది నిమిషాలే దీపం వేస్తారని, మిగతా సమయంలో నకళ్లు చూపిస్తారని చెప్పినవారికీ రుణపడి ఉన్నాం. వెలుతురుకు రంగు వెలిస్తే తిరిగి రాదు. మేమూ అసలు ఉత్తరాలను చీకటి అరల్లో, పీవీసీ లేని పాలిస్టర్ కవర్లలో ఉంచి, బల్లపై పెద్దవి చేసిన ఫొటోలే పెడుతున్నాం.