ఉమ్ముల సంగతి సరే, బానిసల సంగతో?

సంపాదకులు గారికి,

అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లంటూ ఆదివారం మీరు వేసిన వ్యాసంలో, అప్పటి అమెరికన్ల తీరుతెన్నుల మీద పుస్తకం రాసిన ఫ్రాన్సెస్ ట్రోలోప్ ప్రస్తావన చదివాను. పొగాకు నమిలి తివాచీల మీద ఉమ్మేవాళ్లు, కత్తితోనే ముద్ద నోట్లో పెట్టుకునేవాళ్లు, మాటామంతీ లేకుండా గబగబా తిని లేచిపోయేవాళ్లు... అన్నీ ఏరి సరదాగా చెప్పారు. నవ్వొచ్చింది కూడా. కానీ ఆవిడ రాసింది అంతేనా?

1827 డిసెంబరులో పిల్లలతో అమెరికాలో దిగిన ఈ ఇంగ్లండ్ మహిళ, సిన్సినాటి నగరంలో పెద్ద దుకాణ భవనం కట్టించి నిండా మునిగింది. ఆ కడుపుమంట పుస్తకంలో కనిపిస్తుంది, కాదనను. చెత్త ఎక్కడ వేయాలని అడిగితే ఇంటి ఓనరు ఏమన్నాడో చూడండి: సరిగ్గా వీధి మధ్యలోనే వేయాలట, పక్కన వేస్తే చట్టం ఒప్పుకోదట, మిగతాది పందులు చూసుకుంటాయట! 1832లో పుస్తకం రాగానే అమెరికన్లు మండిపడ్డారంటే ఆశ్చర్యమేముంది?

మీ వ్యాసం వదిలేసిన సంగతి ఒకటి చెప్తాను. ఎలుకలకు పెట్టిన విషపు బిస్కెట్‌ను ఎనిమిదేళ్ల బానిస పిల్ల తినేసింది. ట్రోలోప్ ఆవపిండి కలిపిన నీళ్లు పట్టి కక్కించి, ఒళ్లోకి తీసుకుని మూతి తుడిచింది. అది చూసి యజమాని ఇంటి పిల్ల ఒకతె, రెండు వందల డాలర్లిచ్చినా తానైతే ఆ మూతి ముట్టుకోనంది.

అమెరికన్లు ఒక చేత్తో స్వేచ్ఛకు గుర్తైన టోపీ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో బానిసల్ని కొరడాతో కొడుతున్నారని రాసింది ఈవిడే. 1830లో అక్కడి ఆదివాసుల్ని మిసిసిపీ నది అవతలికి తరిమే చట్టం వచ్చినప్పుడు వాషింగ్టన్‌లోనే ఉండి, ఒప్పందాల్లో వాళ్లకిచ్చిన మాట తప్పడాన్ని కడిగేసింది. అప్పటికి ఆమె సొంత దేశమైన బ్రిటన్ వలసల్లోనూ బానిసత్వం ఉంది, రద్దు చట్టం 1833లో గానీ రాలేదు. మీ వ్యాసకర్త ఆమెను ఇక్కడ నిలదీసి ఉంటే నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ మన దేశం మీద రాసిన పుస్తకాన్ని గాంధీజీ ఒక వ్యాసంలో మురుగుకాల్వల ఇన్‌స్పెక్టర్ రిపోర్టన్నారు. ఆ మాట అందరికీ గుర్తే. అయితే ప్రతి భారతీయుడూ చదివితే ఎంతో కొంత లాభమేనని ఆ వ్యాసంలోనే రాశారు. అది మాత్రం ఎవరూ చెప్పరు.

వచ్చే ఆదివారం ట్రోలోప్ రాసిన బానిసల సంగతులు, ఆదివాసుల సంగతులు కూడా వేయండి. ఉమ్ముల మీద ఇప్పటికే రెండు కాలమ్‌లు అయ్యాయి.

— రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, తెనాలి